సోమవారాల తనిఖీ

అంకుశ్‌ని చంపింది మీరు. భూపాల్ శేఠ్, మీరు. పుణె నుంచి కారులో దిగి ఆరు నెలలు మాకు నాణ్యత పాఠం చెప్పిన దేవస్థళి సాహెబ్, మీరు. మధ్యాహ్నం భోజనంలో మటన్ తెల్ల రస్సా రెండోసారి పోయించుకుని, మూడు గంటలకల్లా మా ఫైళ్లన్నీ బాగున్నాయని సంతకం పెట్టేసిన ఆడిటర్, మీరు. చక్కెర మిల్లు మలుపు దగ్గర చెరకు ట్రాలీ బోర్లా పడటం దైవఘటన అని పేపర్లో రాయించారు. దేవుడు మన ఫౌండ్రీలో ఏ షిఫ్టుకి వస్తాడో హాజరుపట్టీ తీసి చూపించండి.

నా పేరు కూడా రాసుకోండి. సర్జేరావ్ ఖోత్, శిరోలి ఇండస్ట్రియల్ ఎస్టేట్ ఫౌండ్రీలో ఇసుక మూసలు కట్టేవాణ్ణి. చదివింది ఏడో తరగతి. ఇంగ్లీషు నాకెవరూ నేర్పలేదు, మందు సీసాల మీది కాగితాలు, మిషన్ల వెంట వచ్చే పుస్తకాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆ నేర్చుకున్న ఇంగ్లీషుతోనే ఈ పాపంలో చెయ్యి పెట్టాను. కాబట్టి తప్పించుకోవడానికి రాస్తున్నాననుకోకండి.

మా ఫౌండ్రీలో ట్రాక్టర్ ట్రాలీలకు హబ్బులు పోస్తాం. ఇరుసు చివర కూర్చుని చక్రాన్ని పట్టుకునే ఇనుప దిమ్మ అది. పది టన్నుల చెరకు బరువంతా దాని మీదే. పోత చల్లారి, ఇసుక దులిపి, అంచులు గీరాక ప్రతి హబ్బూ తనిఖీ చేసే హిందూరావ్ తాత్యా ముందుకు వెళ్లేది. ఆయన దాన్ని గొలుసుకు వేలాడదీసి చిన్న సుత్తితో ఒక్కటంటే ఒక్క దెబ్బ వేసేవాడు. మంచి హబ్బు గంటలా మోగి, ఆ మోత కాసేపు సాగుతుంది. పాడైన హబ్బు పగుళ్ల కుండలా దబ్ మంటుంది. దబ్ మంటే సున్నంతో దాని మీద అడ్డంగా రెండు గీతలు. గీతలు పడిన దాన్ని ఎవరూ మళ్లీ అడగకూడదు, అది తిరిగి కొలిమిలోకే. భూపాల్ శేఠ్ తండ్రి, పెద్ద శేఠ్, ఒకసారి అర్జెంటు ఆర్డరున్న రోజు నలభై హబ్బుల మీద గీతలు పడితే, తలపాగా సర్దుకుని మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు. మా షాపులో రాయని చట్టం అది. ఇరవై ఎనిమిదేళ్లు నడిచింది.

పోయిన చైత్రంలో భూపాల్ శేఠ్ అందర్నీ కొలిమి ముందు నిలబెట్టి చెప్పాడు, అంతర్జాతీయ ప్రమాణం తెచ్చుకుంటున్నాం, సర్టిఫికెట్ వస్తే విదేశీ ఆర్డరు వస్తుంది, ఆర్డరు వస్తే కాంట్రాక్టు మీదున్న పద్దెనిమిది మందినీ పర్మినెంటు చేస్తానని. ఆ పద్దెనిమిది మంది కోసం నేను తొమ్మిదేళ్లుగా గేటు ముందు కేకలు పెడుతున్నాను. రెండుసార్లు సస్పెండయ్యాను. ఈసారి కేకలక్కర్లేదు, కాగితాలు సరిగ్గా రాస్తే చాలన్నారు. నేను నమ్మాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆఫీసు బీరువాలోంచి ఆ ప్రమాణం పుస్తకం తీసుకెళ్లి నెలరోజులు చదివాను. దాంట్లో నాకు తప్పు కనిపించలేదు. పనిచేసేవాడికి తెలిసింది పనికి వాడుకోమంది. తప్పు దాచొద్దంది. చేసిన ప్రతి సరుకూ ఎక్కడికి పోయిందో వెతికి పట్టుకునేలా గుర్తు పెట్టమంది. చదువుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. కుర్రాళ్లకి టీ దగ్గర చెప్పాను, "ఇది గనక నిజంగా నడిస్తే శేఠ్ నోరు కూడా రాతకి లోబడాల్సిందేరా."

"శేఠ్ నోరు మాటేమోగాని, ముందు నీ నోరు మూతపడింది కదా దాదా," అన్నాడు దిల్‌దార్ ముజావర్. పద్దెనిమిది మందిలో వాడొకడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

దేవస్థళి సాహెబ్ నలభై ఒక్క ఫైళ్లు తెచ్చాడు. పనిచేసే పద్ధతులన్నీ వాటిలో రాసి ఉన్నాయట. పదిహేడో ఫైలులో మా పెయింటు షాపులో దుమ్ము పడకుండా ఏం చెయ్యాలో రెండు పేజీలుంది. మాకు పెయింటు షాపు లేదు. ఏదో మరో కంపెనీ ఫైళ్ల మీద మా పేరు అతికించి తెచ్చాడని ఆ రోజే తెలిసింది. తెలిసి ఊరుకున్నాం.

ఆ సాహెబ్ తాత్యా దగ్గరికి వచ్చి సుత్తి చూసి అడిగాడు, "ఇదేం పరీక్ష?"

"చెవి పరీక్ష సాహెబ్."

"మీ చెవికి క్యాలిబ్రేషన్ ఉందా? ఎవరన్నా సరిచూసి సర్టిఫికెట్ ఇచ్చారా?"

"మా ఆవిడ రోజూ సరిచూస్తుంది సాహెబ్. కాగితమే ఇవ్వలేదు."

షాపంతా ఘొల్లుమంది. దేవస్థళి కూడా నవ్వాడు. నవ్వి, పక్కనున్న గుమాస్తాకి చెప్పాడు, సుత్తి పరీక్ష తీసెయ్యమని. ఇకనుంచి ఒక్కో బకెట్ కరిగిన లోహంలోంచి ఒక చిన్న ముక్క పోసి ల్యాబ్‌కి పంపాలి, మైక్రోస్కోపులో బాగుంటే ఆ బకెట్ హబ్బులన్నీ పాస్. తాత్యా కావాలంటే సుత్తితో కొట్టుకోవచ్చు, కానీ సున్నం గీతలు చెల్లవు. పక్కన పెట్టాలంటే లోపం ఫారం నింపాలి. లోపమేంటి, ఎంత కొలత, ఏ పరికరంతో కొలిచారు, అన్నీ రాయాలి. తాత్యాకి మరాఠీలో తన పేరు రాయడం తప్ప ఏమీ రాదు. పైగా గేటు దగ్గర బోర్డు పెట్టారు, లోపం లేని రోజులు ఎన్నో దాని మీద అంకె. ఫారం ఒక్కటి పడితే అంకె సున్నా. సున్నా అయితే ఆ శనివారం షిఫ్టు మొత్తానికి ఇచ్చే మిసళ్ టిఫిన్ బంద్.

"తాత్యా, మా మిసళ్ నీ సుత్తి కింద ఉంది, కాస్త చూసి కొట్టు," అనేవాళ్లు కుర్రాళ్లు. నవ్వులాటకే అనేవాళ్లు. కానీ తాత్యా దెబ్బ రోజురోజుకీ మెత్తబడింది.

ఇనుములో మెగ్నీషియం కలిపితేనే అది హబ్బుకి పనికొస్తుంది. కలిపాక ఎనిమిది, పది నిమిషాల్లో పోసెయ్యాలి, ఆలస్యమైతే ఆ గుణం పొగలా ఎగిరిపోతుంది. ఇది మా షాపులో నీళ్లు పోసే మనిషికి కూడా తెలుసు. అందుకే ల్యాబ్ ముక్క బకెట్ అడుగున మిగిలిన ఆఖరి లోహంతో పోయాలి. ఆఖరిది బాగుంటే ముందువన్నీ బాగున్నట్టే. దేవస్థళి ఫైల్లో ముక్క ముందు పోయాలని ఉంది. నేను వెళ్లి చెప్పాను.

"ఖోత్, నువ్వు చెప్పింది కరెక్టే," అన్నాడాయన. "కానీ ఇప్పుడు ఆ ఒక్క లైను మారిస్తే దాన్ని బట్టి ఉన్న ఫైళ్లన్నీ మార్చాలి. ఆడిట్ అయ్యాక చూద్దాం."

నేను సరేనన్నాను. ఆ సరే నా గొంతులో ఇప్పటికీ ఉంది.

దసరా వెళ్లిన వారం, ఆడిట్ మంగళవారం అనగా ముందు శనివారం. 217 నంబరు బకెట్. ముక్క ముందే పోశాం, ఫైలు ప్రకారం. తొమ్మిది మూసలు నిండాయి. పదో దాని మీదికి బకెట్ వస్తుండగా క్రేన్ గొలుసు బిగుసుకుపోయింది. పైన ఊక బూడిద కప్పి వేడి పోకుండా చూసి, గొలుసు విడిపించేసరికి పద్నాలుగు నిమిషాలు. తాత్యా పరిగెత్తుకొచ్చాడు.

"శేఠ్, దీని పని అయిపోయింది. నేల మీద ఇసుకలో పారబోయించండి."

"పారబోస్తే ఇరవై ఐదు మూసలు ఖాళీగా పోతాయి. మంగళవారం ఆడిటర్‌కి చూపించాల్సిన లాటు ఇది. పొయ్యండి!"

పోశాం. మూసలు కట్టింది నేనే, పక్కన నిలబడి చూసింది నేనే.

ఆదివారం పొద్దున ఇసుక దులిపారు. మాకు సోమవారం కరెంటు సెలవు, ఆదివారం పని. తాత్యా ముప్పై నాలుగు హబ్బులూ ఒక్కొక్కటే గొలుసుకు వేశాడు. మొదటి తొమ్మిదీ మోగాయి. పదోది దబ్. పదకొండోది దబ్. చుట్టూ ఒక్కొక్కడూ పని ఆపి నిలబడ్డాడు. ఇరవై ఐదు సార్లు ఆ చప్పుడు విన్నాం. ఆయన వంగి సున్నం డబ్బా తీశాడు.

"తాత్యా, గీతలు చెల్లవు," అన్నాడు భూపాల్ శేఠ్. ల్యాబ్ కాగితం చూపించాడు. మైక్రోస్కోపు ముక్క అద్భుతంగా ఉంది. ఉంటుంది మరి. గొలుసు బిగుసుకోకముందు పోసిన ముక్క.

"కాగితానికి చెవులున్నాయా శేఠ్?"

"నీ చెవులు సరే. ఆడిటర్‌కి ఏం చూపించాలి? ఇరవై ఐదు హబ్బులు ఎందుకు పక్కన పెట్టావంటే ఏమని రాయాలి? ముసలాయనకి చప్పుడు నచ్చలేదని రాయాలా?"

తాత్యా నా వైపు చూశాడు. ఎందుకంటే షాపులో ఫారం ఇంగ్లీషులో రాయగలిగింది నేనొక్కణ్ణే. శేఠ్ కూడా నా వైపే చూశాడు. నా వెనక దిల్‌దార్, మిగతా పదిహేడు మంది. వాళ్లలో కొందరి పెళ్లాలు ఆ వారం దేవీ గుడిలో మొక్కుకొచ్చారు.

నేను తాత్యాని పక్కకి తీసుకెళ్లాను. "తాత్యా, మంగళవారం గడవనీ. వీటిని గోడౌన్లో వెనక పెట్టిస్తాను. ఆడిట్ అయ్యాక మనమే పగలగొట్టి కొలిమిలో వేద్దాం. నా మాట."

"నీ మాటేనా సర్జా?"

"నా మాట."

పెన్ను నేనే ఆయన చేతికిచ్చాను. తనిఖీ కాగితం మీద పాస్ అని నేను రాసి ఉంచిన చోట, ఆయన మెల్లగా ఒక్కో అక్షరం దిద్ది సంతకం పెట్టాడు.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో కూర్చుని ఆరు నెలల రికార్డులు రాశాం, నేనూ గుమాస్తా. రోజువారీ తనిఖీ పట్టీలు ఎవరు నింపారు కనుక? అన్నీ ఖాళీ. మూడు రంగుల పెన్నులు, రెండు చేతిరాతలు. పాతగా కనిపించాలని కాగితాల మీద టీ చిలకరించి, షాపు ఇసుకతో రుద్దాం. హబ్బులు ఏ నంబరువి ఏ డీలరుకి వెళ్లాయో రాసే పుస్తకం కూడా ఖాళీయే. టెంపో డ్రైవరు చేతికందినవి ఎక్కించుకెళ్తాడు, ఎవడికి గుర్తు? నేను వరసగా రాసుకుంటూ పోయాను. సాంగ్లీ, కరాడ్, గడ్‌హింగ్లజ్. మళ్లీ సాంగ్లీ, కరాడ్, గడ్‌హింగ్లజ్. గుమాస్తా పక్కన కూని రాగం తీస్తున్నాడు. ఎంత జోరుగా రాశామంటే సోమవారాలు కూడా నింపేశాం. కొలిమి వెలగని, గేటు తెరవని సోమవారాలు ఇరవై ఆరు. ఒక్కోదాంట్లో డెబ్బై, ఎనభై హబ్బులు తనిఖీ అయి పాసయ్యాయి.

ఆడిటర్ దాన్ని పట్టుకున్నాడు. మెచ్చుకోవాలి. "శిరోలిలో సోమవారం కరెంటు ఉండదు కదా?" అన్నాడు, వేలు తారీఖు మీద పెట్టి.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సంతోషమే వేసింది. దొరికాం, ఇక ఆగిపోతుంది అనుకున్నాను.

"సోమవారాలు మెయింటెనెన్సు సార్. పెండింగు సరుకు చూసుకుంటారు," అన్నాడు దేవస్థళి.

ఆడిటర్ వేలు తీసేసి, "రికార్డులు ఇంకొంచెం మెరుగుపరచుకోవచ్చు," అని రాసుకున్నాడు. తరువాత భోజనానికి వెళ్లారు.

సర్టిఫికెట్ వచ్చింది. గాజు పలకలో బిగించారు. పద్దెనిమిది మందికీ కార్తీకంలో ఉత్తరాలిచ్చారు. శేఠ్ మాట తప్పలేదు, అది కూడా రాస్తున్నాను. దిల్‌దార్ తల్లి నాకు ఖీర్ గిన్నె పంపింది.

మాట తప్పింది నేను. ఆడిట్ మర్నాడు గోడౌన్‌కి వెళ్తే 217 హబ్బులు లేవు. టెంపో ఎక్కించేశారు, సీజను మొదలైంది, డీలర్లు అడుగుతున్నారు. తాత్యా వచ్చి ఖాళీ నేల చూశాడు. చూసి తన గొలుసు దగ్గరికి వెళ్లిపోయాడు. నా మీద ఉమ్మేసినా బాగుండేది.

పుష్యమాసంలో వార్త వచ్చింది. మిల్లు మలుపులో ట్రాలీ చక్రం ఊడి, చెరకు మోపుల మీద కూర్చున్న కూలీలు పడ్డారు. హబ్బు రెండు ముక్కలైంది, విరిగిన చోట ఇనుము నల్లగా, మట్టిపెళ్లలా ఉంది. లోపలి వైపు 217. బీడ్ జిల్లా నుంచి చెరకు కోతకి వచ్చిన అంకుశ్ చెరకు కింద పోయాడు. అతని భార్య ముక్తాబాయికి కాలు విరిగింది. చెరకు కోతలో మొగుణ్ణీ పెళ్లాన్నీ కలిపి ఒక కొడవలి అని లెక్కేస్తారు. సగం కొడవలికి పని ఇవ్వరు.

నేను సర్కారు ఆస్పత్రికి వెళ్లాను. ముక్తాబాయికి నేనెవరో తెలియదు, ఫౌండ్రీ నుంచి అనేసరికి లేచి కూర్చోబోయింది.

"ఆ ఇనుము మీరు చేసిందేనా అన్నా?"

"అవునమ్మా."

"చూడకుండా పంపారా?"

"చూశాం."

"చూసి పంపారా?"

ఆమె గోడవైపు తిరిగింది. తెచ్చిన పళ్లు అక్కడే పెట్టి బయటికొచ్చాను.

మా ఫౌండ్రీ ఏం చేసింది? ఇంకో ఫారం నింపింది. మూలకారణం: తనిఖీదారు హిందూరావ్ కుంభార్ నిర్లక్ష్యం. దిద్దుబాటు: సదరు తనిఖీదారు తొలగింపు, మిగతావారికి శిక్షణ. శిక్షణ అయినట్టు అందరి చేతా సంతకాలు తీసుకున్నారు. శిక్షణ మాత్రం జరగలేదు. పోలీసులు తాత్యాని మూడుసార్లు పిలిచారు. సంతకం నీదేనా అంటే నాదే అన్నాడట. ఎవరు పెట్టించారంటే, "చెయ్యి నాదేగా సాహెబ్," అన్నాడట. నా పేరు చెప్పలేదు. నేనే వెళ్లి చెప్పాను. ఇన్‌స్పెక్టరు, "నీ సంతకం ఎక్కడుంది చూపించు," అన్నాడు. ఎక్కడా లేదు. రాసింది నేనే, సంతకం మాత్రం ఆయనది.

217లో మిగతావి ముప్పై మూడు. తొమ్మిది మంచివి తీసేస్తే ఇరవై నాలుగు హబ్బులు ఇప్పుడు రోడ్ల మీద తిరుగుతున్నాయి. పుస్తకంలో 217 కరాడ్ డీలరుకి వెళ్లినట్టుంది. నా దస్తూరీయే, సరుకు గోడౌన్లో ఉండగానే వరసలో దాన్నీ రాసేశాను. కరాడ్ వెళ్లి అడిగితే ఆయన స్టాకంతా విప్పి చూపించాడు. అన్నీ 209 బకెట్‌వి. అప్పటికి తెలిసింది, నేను ఆ ఆదివారం ఏం రాశానో. దారి కనిపెట్టడానికి ఉన్న ఒక్క గుర్తునీ నేనే చెరిపేశాను.

తాత్యా మిల్లు గేటుకి వెళ్లాడు. అక్కడ రోజూ రెండు, మూడు వందల ట్రాలీలు తూకం కోసం వరసలో ఉంటాయి. ఆయన సుత్తి పట్టుకుని చక్రం చక్రం దగ్గరా కూర్చున్నాడు. నేను వెళ్లేసరికి డ్రైవర్లు ఆట పట్టిస్తున్నారు.

"ఏయ్ ముసలోడా, గాలి చూస్తున్నావా, జాతకం చూస్తున్నావా?"

"కాస్త పక్కకి జరుపు బాబూ, విననీ."

"నీకు వినపడేసరికి నా తూకం పోతుంది. లే, లే!"

తాత్యా లేచి సుత్తి సంచిలో వేసుకున్నాడు. "వినపడట్లేదురా సర్జా. టైరు, బోల్టులు బిగించాక హబ్బు మోగదు. గంటని గుప్పిట్లో పట్టుకుని కొట్టినట్టే. మంచిదీ అదే చప్పుడు, చెడ్డదీ అదే చప్పుడు." ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన వినపడట్లేదని అనడం అదే మొదలు.

నేను శేఠ్ దగ్గరికి వెళ్లాను. అన్నీ వెనక్కి పిలిపించండి, పేపర్లో వేయించండి అన్నాను.

"వేయిస్తే సర్టిఫికెట్ రద్దు, ఆర్డరు రద్దు. పద్దెనిమిది మంది మళ్లీ రోడ్డు మీదికి. నువ్వే వెళ్లి వాళ్లకి చెప్పు సర్జేరావ్. వాళ్లు ఊ అంటే నేనూ ఊ అంటాను."

చెప్పాను. దిల్‌దార్ నా చెయ్యి పట్టుకున్నాడు. "దాదా, నీకు దణ్ణం పెడతా. పోయినవాడు తిరిగి రాడు. మేం మాత్రం పోతాం. ఈ సీజను అయ్యేదాకా నోరు మూసుకో."

ఈ సీజను అయ్యేదాకా. వాడు చెడ్డవాడు కాదు. నా తొమ్మిదేళ్ల కేకలు వాడి కోసమే. ఆ మాట వాడి నోటి నుంచి విన్నాక, ఇంక ఎవరి ఒప్పుకోలు కోసమూ ఆగకూడదని తెలిసింది. నిన్న మరో మిల్లు రోడ్డులో ఇంకో 217 హబ్బు విరిగింది. ట్రాలీ ఖాళీగా వెళ్తోంది కాబట్టి ఎవరూ పోలేదు. ఇప్పుడు ఇరవై మూడు.

సీజను ఇంకా ఏడు వారాలుంది. శిక్షణ సంతకాలు చాలు, సంతాపాలు చాలు. చక్కెర మిల్లుల చైర్మన్లారా, ఒక్క రోజు, ఇవాళే, గానుగ ఆపండి. గేటు దగ్గర వరసలో ఉన్న ప్రతి ట్రాలీ చక్రం విప్పించండి. ట్రాక్టర్ల యజమానులారా, ఎవరూ విప్పకపోతే మీరే జాకీ ఎత్తి విప్పుకోండి, హబ్బు లోపలి వైపు, బేరింగ్ పక్కన, పోతలోనే వచ్చిన అంకె ఉంటుంది. 217 అని ఉంటే ఆ ట్రాలీ మీద మోపు పెట్టకండి, మనిషిని ఎక్కించకండి. భూపాల్ శేఠ్, మీ పేరుతో, మీ ఫోను నంబరుతో ఈ మాట రేపటి పేపర్లో రావాలి. రాకపోతే సోమవారాల పట్టీలు ఇరవై ఆరూ నా సంతకంతో కలెక్టరు బల్ల మీద పెడతాను, నన్ను కూడా లోపల వెయ్యమంటాను. ముందు చక్రాలు విప్పించండి.